మూడు వారాలు వెలిగిన మానిటర్

2009 జూన్‌లో బెంగాల్‌లో, రేవు పక్కనున్న వాట్‌గంజ్ దగ్గర ఒక గోదాముల కంపెనీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. అది ముగిసే ముందు సెక్షన్ హెడ్ రిపోర్టు రాస్తేనే ఉద్యోగం ఖాయమవుతుంది. రెండేళ్ల తర్వాత నా సీట్లో "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే యంత్రాన్ని కూర్చోబెట్టారు. అందుకే పెద్దవాళ్లు అరవై దాటాక రాసుకునే ఉద్యోగ జ్ఞాపకాలను నేను ఇరవై ఏడేళ్లకే, బస్సులో, ఫోన్‌లో రాసుకుంటున్నాను.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. పని ఇలా ఉండేది. ఎడమ చెవికి టెలిఫోన్ హెడ్‌సెట్, కుడి చెవిలో కంప్యూటర్ ఇయర్‌ఫోన్. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ కుడి చెవిలో మాట్లాడేది. సరుకు తడిసిందనో, రాలేదనో ఎవరైనా ఫోన్ చేస్తే ఎడమ చెవితో వాళ్ల తిట్లు, కుడి చెవితో వాళ్ల పాత ఫిర్యాదులు వింటూ కొత్త ఫిర్యాదు టైపు చేయాలి. స్క్రీన్ రీడర్ మాటల వేగం ఎంత పెంచుకున్నానంటే పక్కవాళ్లకు పిచ్చుకల గోలలా వినిపించేదట. ఆ వేగమంటే నాకు మహా గర్వం. గర్వపడటానికి అప్పట్లో నా దగ్గర ఇంకేమీ లేదు. మూడేళ్లు దరఖాస్తులు పెట్టి, ఇంటర్వ్యూ గదుల్లో "మీరు ఒక్కరే వచ్చారా?" అనే ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ సంపాదించిన మొదటి ఉద్యోగం అది. పోతే మళ్లీ ఆ గదులే.

కోపం తెచ్చుకోవడానికి మాత్రం ఆఫీసులో ముగ్గురు దొరికారు.

మొదటివాడు అప్పలనరసయ్య బాబాయ్, రికార్డు రూములో ఫైళ్లు చూసే దఫ్తరీ. వాళ్ల నాన్న విజయనగరం వైపు నుంచి మునిసిపాలిటీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆఫీసులో నేను కాక తెలుగు తెలిసినది ఆయనకే. రోజూ నన్ను రోడ్డు దాటించేవాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, బస్తాను లారీ ఎక్కిస్తున్నట్టు ముందుకు తోసేవాడు. రెండోవాడు పక్క సీటు గుమస్తా బప్పాదా, అంటే బప్పా అన్నయ్య. నాకు చెవుడు కూడా ఉందన్నట్టు ఒక్కో మాటా విడదీసి అరిచేవాడు. నేను చాయ్ తాగుతానా అని మాత్రం నన్ను కాక బాబాయ్‌ని అడిగేవాడు. తెచ్చిన చాయ్ చప్పుడు లేకుండా బల్ల మీద ఎక్కడో పెట్టేవాడు, నా చెయ్యి తగిలి మట్టి కప్పు దొర్లిపోయేది. మూడో మనిషి సెక్షన్ హెడ్ శుక్లాది, అంటే శుక్లా అక్క. ఫిర్యాదు రాసుకోవడం వరకే నాకిచ్చి, పరిష్కరించే ఫైళ్లన్నీ బప్పాదాకి ఇచ్చేది.

ఇవేవీ నేను వాళ్లతో చెప్పలేదు. చెబుదామని నోరు తెరిస్తే ముందు తిట్టే వచ్చేది. అందుకని కోపం వచ్చినప్పుడల్లా కంప్యూటర్లో ఆ మనిషి పేరనే ఒక ఉత్తరం టైపు చేసేదాన్ని. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదు కాబట్టి, "మీకు బుద్ధుందా" అని నేను రాస్తే ఎవరో దొర జలుబు చేసిన గొంతుతో చదివినట్టు వినిపించేది. ఒకసారి విని మొత్తం చెరిపేసేదాన్ని. నాకు తెరతో పని లేదు కాబట్టి, ఎవరూ చూడకుండా పొద్దున్నే మానిటర్ బటన్ నొక్కి ఆపేసేదాన్ని.

నవంబరులో పాత మానిటర్ తీసేసి పల్చటిది పెట్టారు. బటన్లు మారాయి, చూపిస్తానన్నాడు మెకానిక్. నాకు వేళ్లున్నాయని, తమరు దయచేయవచ్చని చెప్పాను. అంచు కింద తడిమితే మొదటి బటన్ దొరికింది. నొక్కితే టక్కుమంది. ఇంకేం కావాలి?

తర్వాతి మూడు వారాల్లో ఆఫీసు మారిపోయింది. ఒక పొద్దున బాబాయ్ నా చెయ్యి పట్టుకోకుండా తన మోచెయ్యి అందించాడు. అసలు పద్ధతి అదే. మేము తోడు వచ్చినవాళ్ల మోచెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక నడిస్తే, ఎత్తుపల్లాలు వాళ్ల కదలికలోనే తెలిసిపోతాయి. బప్పాదా గొంతు తగ్గింది. చాయ్ పెట్టేటప్పుడు బల్ల తట్టి "కుడి పక్క" అనడం మొదలుపెట్టాడు. శుక్లాది ఏకంగా బడ్జ్ బడ్జ్ అనే ఊరి జనపనార వ్యాపారి ఫైలు నా చేతికిచ్చింది. మధ్యాహ్నాలు నా కుర్చీ వెనక ఝాల్‌మురీ మరమరాల్లో కలిపే ఆవనూనె వాసన వచ్చేది. నా వేగం చూసి ముచ్చటపడుతున్నారనుకున్నాను. స్నేహితురాలికి ఫోన్ చేసి, మనిషన్నాక కాస్త తేజస్సుండాలి, అది ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే దారికొస్తారని చెప్పాను.

డిసెంబరు మొదట్లో ఆ జనపనార వ్యాపారి ఫోన్‌లో నా మీద అరిచాడు. నేనూ అరిచి లైను కట్ చేశాను. శుక్లాది అందరి ముందూ చీవాట్లు పెట్టి, శుక్రవారం నా రిపోర్టు పంపాలని గుర్తుచేసి వెళ్లింది. వెంటనే ఉత్తరం మొదలుపెట్టాను. శుక్లాది గొంతు దేనిలా ఉంటుందో రాయబోతుండగా కరెంటు పోయింది. కుడి చెవి మూగబోయింది. నా వెనక మూడు గొంతులు ఒకేసారి, మనం అయ్యో అన్నట్టు, "ఇష్" అన్నాయి.

"ఏమైంది?" అన్నాను.

"ఏటీ లేదమ్మా, కరెంటు పోనాది," అన్నాడు బాబాయ్, నా భుజం పక్కనుంచే.

"అది నాకూ తెలిసింది. మీరు రికార్డు రూములో కదా ఉండాలి?"

బప్పాదా ఆగలేకపోయాడు. "దాదా, గొంతు దేనిలా ఉందట? అది చెప్పి వెళ్లు," అని బాబాయ్‌ని బెంగాలీలో అడిగాడు.

"అది నాకూ తెలియాలి," అంది మూడో గొంతు. ఆ గొంతు శుక్లాదిదే.

మూడు వారాలుగా రోజూ పొద్దున్నే నేను శ్రద్ధగా నొక్కుతున్నది తెర వెలుతురు సర్దే బటనట. ఉత్తరాలను బాబాయ్ మెల్లగా బెంగాలీలోకి చెబుతుంటే మిగతా ఇద్దరూ మురీ నములుతూ వినేవాళ్లట.

"మీరైనా చెప్పాలి కదా బాబాయ్. మిమ్మల్ని కూడా తిట్టాను కదా?"

"తిట్టేవు. బస్తా మోసీవోడన్నావు. మా ఇంటిదానికి చెప్తే నిజివే అంది." మళ్లీ అన్నాడు, "చెప్తే నువ్వు రాయడం మానెస్తావు కదమ్మా. మరి నీకేటి కావాలో మాకెలాగ తెలుస్తాది?"

"నన్ను అడగొచ్చు కదా?"

"అడిగితే కరుస్తావని బప్పా భయం. నాకూ కొంచెం ఉంది."

శుక్లాది తన గదికి పిలిచింది. వేరేవాళ్ల ఉత్తరం వెనక నిలబడి చదవడం ఏం మర్యాద అని నేనే ముందు దెబ్బలాడాను. అది తప్పేనని, తను ఆపించాల్సిందని ఒప్పుకుంది. ఆ తర్వాత, "ఫైళ్లు కావాలని నన్ను ఒక్కసారైనా అడిగావా?" అంది. నాకు ఫైలు దక్కింది తేజస్సు వల్లేనని ఆమెతో చెప్పలేకపోయాను.

శుక్రవారం దాకా సరిగా నిద్ర పట్టలేదు. రిపోర్టు నకలును బాబాయ్ చదివి వినిపించాడు. పనితీరు గడిలో "బాగుంది". ప్రవర్తన గడిలో "ఖాతాదారు ఫోన్ మధ్యలో కట్ చేశారు, పని వేళల్లో ఆఫీసు కంప్యూటర్‌పై సొంత రాతలు రాశారు". ప్రొబేషన్ మరో మూడు నెలలు పొడిగింపు. ఉత్తరాల్లో ఏం రాశానన్నది ఎక్కడా లేదు. బడ్జ్ బడ్జ్ వ్యాపారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆయన అదీ అరిచే విన్నాడు.

ఆ మూడు నెలలూ కావలసినవి నోటితో అడగడం నేర్చుకున్నాను. మొదట్లో అడిగినట్టు ఉండేది కాదు, సమన్లు పంపినట్టు ఉండేది. బప్పాదా ఓపికగా "ఇంకోసారి, కొంచెం మెల్లగా" అనేవాడు. మార్చిలో ఉద్యోగం ఖాయమైంది.

నా పక్కన ఎలా పని చేయాలో తోటివాళ్లకు తెలియకపోతే చెప్పవలసింది నేనే. మొదటి రోజే, ఒక్కొక్కరికీ, మామూలు గొంతుతో. తర్వాత చేరిన రెండు ఆఫీసుల్లోనూ అలాగే చెప్పాను. ఒకచోట విన్నారు. రెండోచోట వినలేదు, అక్కడ నాలుగు నెలలు చేసి మానేశాను.