గోడ పక్కన జానెడు కంకర

నేను మేస్త్రిని. చదివింది ఐదో తరగతి. గోడ కట్టమంటే ఆగని చెయ్యి పెన్ను పట్టుకుంటే ఆగి ఆగి నడుస్తోంది. అయినా ఈ ఒక్క గోడ సంగతి రాయాలనిపించింది. అది నన్ను మూడుసార్లు ఓడించింది మరి.

తార్నాకలో అదొక పాత ఇల్లు. ఇటుక, సున్నంతో కట్టింది. ఓనరమ్మ రైల్వేలో పనిచేసి రిటైరైంది. ఆ సందులో నాకు మొదటి పని ఇచ్చింది ఆమే. ఆమె చెప్పబట్టే మిగతా ఇళ్లవాళ్లు కూడా నన్నే పిలిచేవాళ్లు. సందులో పని లేని రోజుల్లో యూనివర్సిటీ హాస్టళ్లలో రిపేర్లు చేస్తాను. నా భార్య, నేను కలిసే వెళతాం. నేను తాపీ పడితే ఆమె సిమెంటు, ఇసుక మాలు కలుపుతుంది.

ఓనరమ్మ ముందుగది గోడకు కింది భాగంలో చెమ్మ పట్టింది. రంగు బుడగలు లేచి పెచ్చులు ఊడాయి. నేను గీకేసి, నీళ్లు దిగని మందు కలిపిన సిమెంటు పూశాను. వానలు పడ్డాక చెమ్మ నా పూత మీద నుంచి తొంగి చూసింది. మరుసటి ఏడాది ఇంకాస్త పైదాకా పూశాను. ఇంకాస్త పైనుంచి చూసింది. మూడోసారి నడుము దాకా పూశాను. ఈసారి నడుము పైకి ఎక్కింది.

"ఏందయ్యా మేస్త్రీ, నువ్వు గోడకు మందేస్తున్నవా, ఎరువేస్తున్నవా? ఏడాదికి జానెడు పెరుగుతున్నది!" అంది ఓనరమ్మ. పక్కింటివాళ్లు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"రామంతాపూర్ల మా చెల్లె ఇంటికి ఒక కాంట్రాక్టర్ వస్తడు. గోడకు మొత్తం టైల్స్ ఏస్త అంటున్నడు. నీకు ఈ ఒక్క వారం టైం. నీళ్లు యాడికెల్లి వస్తున్నయో చెప్పు. చెప్పకుంటే గాయననే పిలుస్త."

ఆమె నన్ను వదిలేస్తే సందంతా వదిలేస్తుంది. ఆ భయంతో ఇంటికొచ్చి మళ్లీ సిమెంటు గురించే మాట్లాడాను. నా భార్యకు కోపం వచ్చింది.

"మూడేండ్ల సంది కలుపు కలుపు అంటవ్. ఒక్కనాడన్న ఆ నీళ్లు ఎటుకెల్లి వస్తున్నయో చూసినవా?"

చూడలేదు. అది నిజం. మర్నాడు ఇద్దరం కూర్చుని గోడను చూశాం. స్లాబు దగ్గర గోడ పొడిగా ఉంది, అంటే పైనుంచి కాదు. గోడ వెనక నల్లా లేదు, పైపు లేదు. ప్లాస్టిక్ కవరు ముక్క ఒకటి చదునుగా గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు అంటించాం. రెండో రోజు చూస్తే కవరుకు గోడవైపు చిన్న చిన్న చుక్కలున్నాయి. బయటివైపు పొడిగా ఉంది. అంటే గదిలో గాలి చెమ్మ కాదు. గోడే కింద నుంచి నీళ్లు తాగుతోంది. కానీ ఎక్కడివి ఆ నీళ్లు?

ఆ రోజు మధ్యాహ్నం యూనివర్సిటీలో ఒక పాత హాస్టల్ నీడన అన్నం తింటున్నాం. నా భార్య చేతిలో ముద్ద అలాగే పెట్టుకుని గోడ అడుగున చూస్తోంది.

"ఏమయ్యా, గీ గోడ పొడుగూతా కంకర ఎందుకు పోసిండ్రు?"

ఏళ్ల తరబడి ఆ కంకర తొక్కుతూ తిరిగాను, ఎప్పుడూ అడగలేదు. చేత్తో తవ్వి చూశాను. మూరెడు లోతు కంకరే. వాననీళ్లు అందులో ఇంకిపోతాయి, గోడను ముట్టుకోవు. బయట నేల కూడా లోపలి గచ్చు కంటే బాగా కిందికి ఉంది.

నేను అన్నం గిన్నె పక్కన పెట్టేశాను.

ఓనరమ్మ వాకిలి ఒకప్పుడు మట్టిదే. ఇంట్లోకి బురద వస్తోందంటే ఐదేళ్ల కింద నేనే సిమెంటు గచ్చు చేశాను. నున్నగా, అందంగా, పునాది రాళ్లు మూసేసి ఇటుకలను తాకేదాకా. పొద్దున్నే ఆమె కళ్లాపిగా చల్లే సాన్పు నీళ్లను ఇదివరకు మట్టి తాగేది. ఇప్పుడు నా గచ్చు మీద జారి గోడ తాగుతోంది.

"చెప్తే ఇగ పని ఇయ్యదు," అన్నాను.

"చెప్పకుంటే టైల్స్ ఏపిస్తది. అప్పుడు చెమ్మ నెత్తి దాక ఎక్కుతది. ఆ పాపం ఎవలకు?"

మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్లేసరికి ఓనరమ్మ బకెట్ పట్టుకుని వాకిట్లో ఉంది. "అమ్మా, తప్పు నాదే," అని మొత్తం చెప్పేశాను. ఆమె ఒక మగ్గు నీళ్లు గచ్చు మీద పోసింది. ముగ్గురం వంగి చూశాం. నీళ్లు మెల్లగా వెళ్లి గోడ మొదట్లో నిలిచాయి.

"అంటే ఐదేండ్ల సంది రోజు పొద్దుగాల నేనే గోడకు తాగిపిస్తున్ననా?"

"గ్లాసు నేను వెట్టిన, మీరు పోసిండ్రు," అని నోరు జారాను. నా భార్య గట్టిగా గిల్లింది. ఓనరమ్మ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకు బకెట్ ఒరిగిపోయింది.

"అరెరె, మళ్ల అటే పోతున్నయ్! ఆపు ఆపు!" అని ఓనరమ్మ అరిచింది.

ముగ్గురం చీపుళ్లు పట్టుకున్నాం. నీళ్లు గేటువైపు తోస్తూనే ఆమె అంది: "నువ్వే చెయ్. కాని ఈసారి గిట్ల చెమ్మ వస్తే మాత్రం ఈ సందుల అడుగు వెట్టకు."

గోడ పొడుగునా జానెడు వెడల్పున నా గచ్చును నేనే పగలగొట్టాను. మూరెడు లోతు తవ్వి కంకర నింపాం. మిగతా గచ్చును గేటువైపు వాలుగా చేశాను. లోపల నా మూడేళ్ల పూతలన్నీ చెక్కేసి ఇటుకలను ఎండాకాలమంతా అలాగే వదిలేశాం. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే, "గోడను అప్పడాల లెక్క ఎండవెట్టినం," అనేదట ఓనరమ్మ. వారం వారం కవరు అంటించి చూసేవాళ్లం. చుక్కలు తగ్గాయి, ఒక వారం అసలే లేవు. అప్పుడు సున్నం, ఇసుకతో పూశాను. సిమెంటయితే చెమ్మను లోపలే బిగబట్టి పైకి తోస్తుంది, సున్నమయితే బయటికి వదిలేస్తుంది.

వానలొచ్చాయి. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు ఫోన్: "మేస్త్రీ, జల్ది రా." ఇంకేం చెప్పలేదు. ఇద్దరం తడుస్తూ వెళ్లాం. దారి పొడుగునా వాలు ఎక్కడ తప్పిందోనని లెక్కలేసుకుంటూనే ఉన్నాను.

ముందుగదిలో సందులోని ఆడవాళ్లు ఐదారుగురు గోడకు అరచేతులు ఆనించి నిలబడ్డారు. ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టింది. చల్లగా, పొడిగా ఉంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

"ఖరాబు చేసింది గుడ ఈయననేనట గదా?" అని ఒకామె అడిగింది.

"ఈయననే. దాచకుంట వచ్చి చెప్పిండు," అంది ఓనరమ్మ.

"మరి మా వాకిట్ల గచ్చు ఏసింది ఎవరు?"

అందరూ నావైపు తిరిగారు. ఓనరమ్మ వాకిలి చూసి ముచ్చటపడి ఆ సందులో ఐదిళ్లవాళ్లు నాతో అలాంటి గచ్చే వేయించుకున్నారు. నున్నగా, ఇటుకలను తాకేదాకా.

"అన్నీ నావేనమ్మా," అన్నాను తల దించుకుని.

గది గొల్లుమంది. "అయితే మా ఇంట్ల మొదలువెట్టు!" అని ఒకామె. "ఆగవే, మా గోడ నీ గోడకన్న ఎక్కువ తాగింది!" అని ఇంకొకామె. వాళ్లు అలా వాదులాడుకుంటుండగా నా భార్య చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, "ముందుగాల గడ్డపార ఎవలింట్ల ఉన్నదో చెప్పుండ్రి," అని గేటువైపు నడిచింది.