తుప్పు మీద వేసిన అతుకు

తుప్పు మీద రంగేసి కొత్తదనే మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, మా చిన్నాన్న.

హుమ్మ ఉప్పుమడుల్లో ఉప్పు ఎత్తడానికి ఆయన తన చిన్న ట్రాక్టరుకు ముందు బకెట్టున్న లోడరు బిగించాడు. నడిపేది మా తమ్ముడు. తోటల్లో దున్నుకునే బండి అది. అంత బరువు ముందు వేలాడితే ఇరుసు ఆగదని వాడి భయం.

"ఇరుసు ఇప్పి బరంపురం అట్టుకెల్దాం సిన్నాన్నా. కింద కొత్త పట్టీ ఏయిత్తే గాని ఆగదు," అన్నాడు.

"ఈలోగా వానలొచ్చినాయంటే ఉప్పంతా నీళ్ళే. ఇక్కడే ఏయించీద్దాం. హెయిజిబొ," అన్నాడు చిన్నాన్న. ఒరియాలో, అయిపోతుందిలే అని. ఏ రోగానికైనా ఆయన దగ్గరున్న మందు అదొక్కటే.

ఉప్పుమడి గట్టున నీటి కాలవకు పెట్టే పాత ఇనుప తలుపు పడి ఉంది. ఉప్పు తినేసి పొరలు పొరలుగా లేస్తోంది. దాన్నే పట్టీగా కోయించి, తుప్పయినా గీకించకుండా ఇరుసు కింద వెల్డింగు చేయించాడు. పైన ఎర్ర రంగు, పసుపు బొట్లు, ఓ నిమ్మకాయ. పైన పటారం, లోన లొటారం. పైగా దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి చూపించుకున్నాడు, ఛీ.

ఉప్పెత్తడం మొదలుపెట్టిన రోజు తమ్ముడికి అన్నం పట్టుకెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. తడి ఉప్పుతో మొదటి బకెట్టు పైకి లేవగానే పట్టీ ఊడి, ఇరుసు వంగి, బండి ముందుకు కూలబడింది. తమ్ముడు ఎగిరి చక్రం పక్కనే పడ్డాడు. జానెడు ఇటు పడితే తల నుజ్జయ్యేది. నేను వాణ్ణి లేపుతుంటే చిన్నాన్న పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, బకెట్టుకు సొట్టపడిందేమోనని తడిమి చూసుకున్నాడు.

"ఏటీ అవనేదు కదా. ఆ తలుపు ముక్క ఇంకోటుంది, డబల్ ఏయించీద్దాం. రేపు ఎత్తీయొచ్చు," అన్నాడు.

"అయితే రేపు మొదటి బకెట్టు నువ్వెత్తు సిన్నాన్నా," అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "నాకు పెళ్ళాం పిల్లలున్నారు కదమ్మా," అన్నాడు.

తమ్ముడు ఆ మాట విన్నాడు. ఒంటికంటిన ఉప్పు దులుపుకోలేదు. బండి తాళంచెవి పీకి ఆయన చేతిలో పెట్టి, గట్టు మీదుగా రోడ్డు వైపు నడిచాడు.