అక్క ముఖానికి నేను చేసిన మార్పులు

పెద్దపల్లిలో నాకొక చిన్న ఫోటో స్టూడియో ఉన్నది. మా అక్కకు కాలేయం పూర్తిగ చెడిపోయిందని కరీంనగర్ డాక్టర్లు చెప్పిన నాటికి, ఆమె ఒక్కగానొక్క బిడ్డ ఆదిలాబాద్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతుండె. బావ ఎన్నడో పోయిండు. పరీక్షలు అయ్యేదాక పిల్లకు చెప్పొద్దని అక్క నాతోని ఒట్టు పెట్టించుకున్నది. వీడియో కాల్ అంటే సిగ్నల్ లేదని తప్పించుకునేది. కానీ పిల్ల ప్రతి ఆదివారం ఫోటో అడిగేది.

"తమ్మీ, నన్ను జర మంచిగ చెయ్యి," అన్నది అక్క.

చేసిన. కండ్లల్ల పసుపు తీసేసిన, లోపలికి పోయిన చెంపలు నింపిన. ప్రతి వారం ఇంకింత ఎక్కువ చెయ్యాల్సి వచ్చేది. అసలు ఫోటోలను అక్క తన ముందల్నే తీసేయించేది. ఆ ముఖం యాడ మిగలొద్దన్నది.

ఎడిట్ చేసిన ఫోటోను కొత్త ఫైలుగ బయటికి తీస్తే, ఏమేం మార్చినమో ఆ వివరాలన్నీ దాంట్లనే ఉండిపోతయి. వద్దనుకుంటే ఒక గడిల టిక్కు తీసేస్తే సాలు. గిరాకీల ఫోటోలకు ఎన్నడూ మర్వలే. ఇంటి పిల్లకు మెయిల్‌ల పంపేటియి గదా, ఎవలు చూస్తరనుకున్న. ఆ వివరాలు ఎట్ల చూడాల్నో అంతకుముందు ఎండకాలం సెలవుల్ల పిల్లను పక్కన కూసోవెట్టుకొని నేర్పింది నేనే.

పరీక్షల నడుమ అక్క పోయింది. పిల్ల బస్సు దిగి వచ్చి, తల్లి ముఖం దిక్కు శానాసేపు చూసింది. ఏడ్వలే. తర్వాత నా దిక్కు చూసింది.

దినాలు అయినంక ఒక పొద్దుగాల లాప్‌టాప్ పట్టుకొని స్టూడియోకు వచ్చింది. ఒక్కొక్క ఫోటో తెరిచి, పసుపు ఎంత తగ్గించిన్నో, చెంప ఎంత పెంచిన్నో నాకు చదివి వినిపించింది.

"మొదటి వారం పన్నెండు. ఆఖరు వారం అరవై. వారం వారం నీకు తెలుస్తనే ఉన్నది గదా మామా."

ఒట్టు సంగతి చెప్పిన.

"పరీక్షలు మళ్ల రాసుకుందును," అన్నది.

అసలు ఫోటోలు అడిగితే లేవన్న. అంకెలు ఉన్నయి గదా, వాటిని వెనక్కి తిప్పమన్నది. అట్ల రాదని తెలిసి కూడ కాదనలేకపోయిన. నింపిన కాడ తగ్గించిన, తీసేసిన పసుపు మళ్ల పోసిన. మధ్యాహ్నం దాక కూసున్నం. తెర మీదికి వచ్చిన ముఖం నేను రోజూ అన్నం తినిపించిన అక్కది కాదు. పిల్ల ఎరిగిన తల్లిదీ కాదు.

"గీమె మా అవ్వ కాదు," అని పిల్ల మెల్లగ లాప్‌టాప్ మూసింది.

తప్పిన పరీక్షలు తర్వాత రాసి పాసయింది. ఇప్పుడు ఆదిలాబాద్‌లనే కొలువు చేస్తున్నది. ఫోన్ చేస్తే ఎత్తుతది, తిన్నవా అని అడుగుతది. మామా అని మాత్రం పిలుస్తలేదు.