కుక్కకు బీమా కట్టిన రోజు

కిందటి వానాకాలం మా కుక్కకు పిడుదుల జ్వరం వచ్చింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని టెక్కలి పశువుల డాక్టరు దగ్గరికి తిప్పాం. అది కోలుకునేదాకా నాన్న సరిగా అన్నం తినలేదు. ఆయన కిడ్నీ మనిషి. ఇంటింటా కిడ్నీ జబ్బే ఉన్న మా కవిటి వాళ్లకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పలాసలో డయాలసిస్ చేయించుకుని ఇల్లు చేరేసరికి ఒళ్లు చచ్చిపోయి ఉంటుంది; అయినా కుక్క తిన్నాకే తన కంచం ముందు కూర్చుంటాడు. దానికేమన్నా అయితే ఈ మనిషిని ఎలా నిలబెట్టాలా అన్నదే నా బెంగ.

అందుకే బీమా సంగతి ఆరా తీశాను. మాదానిలాంటి ఊరకుక్కలకీ ఇస్తారట. జబ్బు రాకపోతే కట్టిన డబ్బు దండగ, వస్తే లాభం. అలాగని జబ్బు రావాలని కోరుకుంటామా? కొన్నాళ్లు అటూ ఇటూ ఊగి, చివరికి ఏజెంటుని రమ్మన్నాను.

అతను వచ్చేసరికి ఇంట్లో నాన్నా లేడు, కుక్కా లేదు. వెతికితే జీడితోటలో దొరికారు. నాన్న తన తువ్వాలు దాని తలకి చుట్టి, చెవులు కనబడకుండా ముడేశాడు. అది కొత్త పెళ్లికూతురిలా బుద్ధిగా కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. పరాయివాడి ముందు ఈ వేషాలేమిటన్నాను.

"సెవికి బిల్ల ఏసేత్తారు కదమ్మా," అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. మాకు పాడి ఉన్న రోజుల్లో ఆవుకి బీమా చేస్తే చెవికి బిళ్ల వేశారు. ఆవు చనిపోతే ఆ బిళ్ల చూపిస్తేనే డబ్బులు. అందుకని బిళ్లతో సహా చెవి కోసి పట్టుకెళ్లడం ఊళ్లో అందరూ చేసేదే.

"ఆ సెవి కోసింది నేనేనమ్మా. ఇంకోపాలి నా వల్ల కాదు."

కుక్కలకి బిళ్ల ఉండదనీ, గుర్తుకి ముక్కు ఫొటో చాలనీ ఏజెంటు చెప్పాడు. నాన్న ఓ పట్టాన నమ్మలేదు. అతని ఫోను తిరగేసి బోర్లేసి చూశాకే తువ్వాలు విప్పాడు. ఫొటో తీద్దామంటే కుక్క ఫోను నాకేసింది. చివరికి నాన్నే దాని గడ్డం పట్టుకుని బతిమాలాడు.

వైద్యానికి ఇంత, చనిపోతే ఇంత అని ఏజెంటు చదువుతుంటే నాన్న ఆపాడు.

"మందులకి కట్టు. సచ్చిపోతే వొచ్చే డబ్బులు మనకొద్దు."

రెండూ కలిపే ఉంటాయని, వద్దన్నా ప్రీమియం తగ్గదని ఏజెంటు అన్నాడు. అన్నాళ్లూ లాభనష్టాలు బేరీజు వేసిన నాకు ఇక ఏ లెక్కా గుర్తురాలేదు. ఉంటే ఉండనీ నాన్నా, మనం అడగం అని సంతకం పెట్టాను. నాన్న ఆ మాట నాచేత మళ్లీ చెప్పించుకున్నాడు.