బటర్‌మిల్క్ శాలీ మీద నా నలభై డాలర్లు

2023లో నేను వెస్ట్ వర్జీనియాలో ఒక గ్రేహౌండ్ ట్రాక్‌లో మ్యూచువెల్ క్లర్క్‌గా చేరాను. అంటే కుక్కల పరుగు పందాల దగ్గర, కిటికీ వెనక కూర్చుని పందెం టికెట్లు కొట్టి ఇచ్చే మనిషిని. దేశంలో మిగతా ట్రాకులన్నీ ఒక్కొక్కటే మూతపడి, ఈ పందాలు మా రాష్ట్రంలోని రెండు ట్రాకుల్లోనే మిగిలాయి. మా ఆయన ఇక్కడి కెమికల్ ప్లాంట్‌లో ఇంజినీరు. అమ్మాయి కాలేజీకి వెళ్ళాక ఇంట్లో నేను బేరమాడటానికి ఎవరూ లేకుండా పోయారు. ఆయన ఎంతంటే అంత ఇచ్చేసే రకం.

"పందాల కొట్లో ఉద్యోగమా? మీ నాన్నగారికి ఏమని చెప్తావు?" అన్నారు.

"కొట్టే కదండీ. కౌంటర్ ఉంది, గల్లాపెట్టె ఉంది. ఆయనకి అంతకన్నా ఏం కావాలి?"

మా నాన్నకి విజయనగరంలో బెల్లం కొట్టు. సరుకు కోసం అనకాపల్లి మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు నన్నూ వెంటబెట్టుకునేవాడు. అక్కడ బెల్లం దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి. వాటిని చూసేవాడు కాదు నాన్న. ఒక ముసలి వర్తకుణ్ణి చూసేవాడు. "ఆయన ఎక్కడ ఆగి చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుంటాడో చూడమ్మా. ఆయన నాలుక మనకి ఉచితం" అనేవాడు. ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టింది. ఎంత బాగా అంటే, అమెరికాలో నలభై ఆరేళ్ళ వయసులో కూడా దాన్నే పట్టుకుని వేలాడాను.

పందెం పద్ధతి చెప్తాను. ఎనిమిది కుక్కలు ఎనిమిది బాక్సుల్లో నిలబడతాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు జాకెట్, దాని మీద నంబరు. పట్టాల మీద ల్యూర్ అనే కుందేలు బొమ్మ దూసుకుపోతుంది, తలుపులు లేస్తాయి, కుక్కలు దాని వెనక పడతాయి. అర నిమిషంలో అంతా అయిపోతుంది. బోర్డు మీద ఒక్కో కుక్కకీ ఆడ్స్ కనిపిస్తాయి. అయిదుకి ఒకటి అంటే ఒక డాలరు కాస్తే అయిదు లాభం. డ్యూటీలో ఉండగా మేము కాయకూడదు, సెలవు రోజున కాయవచ్చు. నా సెలవు గురువారం.

మొదటి గురువారమే ఒక కుక్క మీద రెండు డాలర్లు పెట్టాను. కొన్నప్పుడు అయిదు ఉంది, పరుగు మొదలయ్యేసరికి మూడుకి పడిపోయింది. అది గెలిచింది కూడా. నేను తిన్నగా మేనేజర్ దగ్గరికి వెళ్ళి, "నేను కొన్నప్పుడు అయిదు. అయిదే ఇవ్వాలి" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఇవ్వడానికి ఇక్కడ అమ్మేవాడు లేడమ్మా. కాసినవాళ్ళ డబ్బంతా ఒక కుప్ప. మా వాటా తీసుకుని మిగతాది గెలిచినవాళ్ళకి పంచుతాం. ధర పెట్టేది మీరే, మీరందరూ కలిసి."

ధర ఉంది, అమ్మేవాడు లేడు! ఎదుట మనిషి లేకపోతే బేరం ఎవరితో ఆడను? అందుకే, అలవాటు కొద్దీ, ముసలి వర్తకుణ్ణి వెతుక్కున్నాను.

ఆయన పేరు ఎర్ల్. ముప్ఫై ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేసి, రెండు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తాం. తెలుగులో రాస్తుంటే మాత్రం ఆయన్ని "మీరు" అనకుండా నా చెయ్యి కదలదు. నలభై ఏళ్ళుగా ట్రాక్‌కి వస్తున్నాడని, కుక్క నడక చూసి జాతకం చెప్పేస్తాడని అందరూ అనేవారు. అలాంటి మనిషి చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, ఆ రోజు కుక్కల వివరాలుండే ప్రోగ్రామ్ పుస్తకం అంతా చదివి, నా కిటికీ దగ్గరికి వచ్చి ఒక్క మాటే అనేవాడు: "బటర్‌మిల్క్ శాలీ. గెలుపు. రెండు డాలర్లు."

శాలీ పలచటి మజ్జిగ రంగు ఆడకుక్క. దాని మీద ఆయన తప్ప ఎవరూ కాసేవారు కాదు. ఆడ్స్ పద్ధెనిమిది, ఇరవై ఉండేవి. అందరూ వదిలేసిన దిమ్మ దగ్గర ముసలాయన ఆగాడంటే లోపల ఏదో ఉన్నట్టే కదా! నేనూ గురువారం గురువారం ఆయన వెనకే కాశాను. రెండు పోయాయి. అయిదు పోయాయి. పది పోయాయి. పోయినకొద్దీ నా నమ్మకం పెరిగింది. ఇంకెవరికీ తెలియనివ్వకుండా ఆయన దాన్ని దాచి ఉంచుతున్నాడని అనుకున్నాను.

శాలీ మీద కాయడం మొదలెట్టాక నాలుగో గురువారం నలభై డాలర్లు పెట్టాను. శాలీకి నల్ల జాకెట్, అయిదో నంబరు. ఎర్ల్ కంచె దగ్గర నిలబడి ఉంటే పక్కకి వెళ్ళి టికెట్ ఊపాను.

"ఎర్ల్, ఇవాళ మన శాలీ మొదట వస్తుంది."

ఆయన ముఖం వాడిపోయింది. "అలా అనకు హనీ. వస్తే నా కొంప మునుగుతుంది."

"మీరు కాసింది దాని మీదే కదా!"

"దాని మీదే. ఓడిపోవాలని కోరుకుంటూ."

ఆయనే చెప్పాడు. స్కూలు పిల్లల్లాగే కుక్కలకీ గ్రేడ్లుంటాయి. మా ట్రాక్‌లో అట్టడుగు గ్రేడ్‌లో వరసగా నాలుగు పరుగుల్లో మొదటి మూడు స్థానాల్లో రాకపోతే, ఆ కుక్కని పరుగులు మాన్పించి, ఇంట్లో పెంచుకునేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ గ్రేడ్‌కి జారాక శాలీకి మూడు అయ్యాయి. ఇది నాలుగోది. దాన్ని పెంచుకుంటామన్నవాళ్ళ జాబితాలో మొదటి పేరు ఎర్ల్‌ది.

"ఇవాళ మూడో స్థానంలో వచ్చినా చాలు, దాన్ని ఇంకో ట్రాక్‌కి పంపించేస్తానన్నాడు ట్రైనర్."

గ్రేడ్ అక్షరం ప్రోగ్రామ్‌లో రోజూ నా కళ్ళ ముందే ఉంది. నేను ధర తప్ప ఇంకేం చూశాను గనుక!

"ఈ కుక్కే ఎందుకు ఎర్ల్?"

"కుక్కల్ని ఉంచే కెన్నెల్ చూడటానికి వెళ్ళినప్పుడు వచ్చి నా కాలికి ఆనుకుని నిలబడింది. గ్రేహౌండ్లు ఇష్టమైనవాళ్ళ దగ్గర అలా చేస్తాయి. ఒళ్ళంతా నా మోకాలి మీదే వేసేసింది. నా మీద ఎవరైనా ఆనుకుని ఏడేళ్ళయింది."

"మరి ప్రతిసారీ ఆ రెండు డాలర్లు?"

"ఒక్కరూ కాయని కుక్కని పరిగెత్తించడం మర్యాద కాదు. పైగా అది గెలిచేస్తే, ఆ డబ్బుతో విస్కీ కొనుక్కుని ఏడుస్తాను."

ఇంతలో ల్యూర్ వచ్చింది. తలుపులు లేచాయి.

ఇన్ని వారాలు నా డబ్బు మీద నీరసంగా పరిగెత్తిన ఆ కుక్క, ఆ రోజు బాణంలా దూకింది. మొదటి మలుపులో మూడోది, అవతలి వైపుకి వచ్చేసరికి రెండోది. నలభైకి పద్ధెనిమిది రెట్లు: బెల్లం కొట్టు బుర్ర ఏడువందల ఇరవై అని ఎప్పుడో లెక్క కట్టేసింది. ఎర్ల్ రెండు చేతులతో కంచె పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఆగవే! ఆగవే తల్లీ! నీకెందుకే అంత తొందర!"

చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. అరిచింది నేనే. తను కాసిన కుక్కని ఆగమని బతిమాలిన మనిషి ఆ ట్రాక్‌లో అంతకు ముందు ఉండి ఉండదు.

చివరి మలుపులో శాలీ వెడల్పుగా బయటికి జరిగింది. లోపలి నుంచి రెండు కుక్కలు దాటాయి. మూడో స్థానం దగ్గర రెండు మూతులు ఒకేసారి గీత దాటాయి. బోర్డు మీద "ఫోటో" అని పడింది. అంటే ఫోటో చూసి తేలుస్తారు. నా నలభై డాలర్లు అప్పటికే పోయాయి; అయినా నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, శాలీకి ఆ మూడో స్థానం కూడా పోవాలని. చివరికి బోర్డు మీద నంబర్లు పడ్డాయి: రెండు, ఏడు, ఒకటి. ఆ తర్వాత అయిదు.

"ఎన్నో స్థానం?" అన్నాడు ఎర్ల్, కళ్ళు తెరవకుండానే.

"నాలుగు! నాలుగో స్థానం, ఎర్ల్!"

ఆయన అలాగే కంచె మీద తల ఆనించి చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

తర్వాత జేబులోంచి రెండు ఇరవై నోట్లు తీశాడు. "నా వల్ల పోయింది. తీసుకో."

జీవితంలో మొదటిసారి, ఇస్తానన్న డబ్బు వద్దన్నాను. కానీ ఊరికే వద్దనడం నాకు చేతకాదు. "డబ్బు వద్దు. దాని తాడు పట్టుకుని నడిపిస్తాను. నాలుగు వాకింగ్‌లు."

"రెండు" అన్నాడు.

"నలభై డాలర్లకి రెండా? ఏం మనిషండీ మీరు!"

మూడుకి కుదిరింది.

కొత్తగా వచ్చినవాళ్ళు నా కిటికీ దగ్గర పందెం ఎలా కాయాలని అడుగుతుంటారు. ఏ కుక్క మీద అన్నది మేము చెప్పకూడదు. పక్కవాణ్ణి చూసి మాత్రం కాయకండి, ఆయన ఇక్కడికి ఏం కొనుక్కోవడానికి వచ్చాడో మీకు తెలియదు అని చెప్తాను. నాన్న నేర్పిన విద్యలో ఈ ఒక్క ముక్క లోపించింది. అది నాకు నేర్పినందుకు ఎర్ల్‌కి నేను ఇచ్చుకున్న ఫీజు నలభై డాలర్లు. చవకే.

గురువారం పొద్దున్న ఆయన ఇంటికి వెళ్తాను. ముగ్గురం నది ఒడ్డున నెమ్మదిగా నడుస్తాం. ఎర్ల్ ఆయాసపడి ఆగినప్పుడల్లా శాలీ కూడా ఆగి, ఆయన మోకాలికి ఆనుకుని నిలబడుతుంది. ఒక్కోసారి నాకూ ఆనుతుంది. మూడు వాకింగ్‌లు ఎప్పుడో అయిపోయాయి. ఎన్ని అయ్యాయో ఇద్దరిలో ఎవరూ లెక్క పెట్టడం లేదు. ఈ మాట మా నాన్నకి చెప్తే నమ్మడు.