రేకు మూత లోపల ఉస్తాద్ రాత

చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి సాక్షిగా, ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న, గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ వ్యాసంలోని ప్రతి అక్షరం సత్యం. నా సంగతి తెలిసిన నారాయణగూడ మెకానిక్ మిత్రులు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. నవ్వండి. కానీ ఈసారి పోయినవాడు నా గురువు.

ఉస్తాద్ యాదగిరి గారు పరమపదించారని మొన్న మంగళవారం పొద్దున్నే దోమలగూడ నుంచి ఫోన్ వచ్చింది. నేను నమ్మలేదు. ఒక్క కొలత చూసి దేన్నీ నమ్మవద్దని నేర్పింది ఆయనే. మరో ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురూ అదే మాట అన్నారు. ముగ్గురికీ ఒక్కడే చెప్పి ఉంటాడేమోనని కవాడిగూడలోని వాళ్లింటికి పోయాను. గుమ్మం ముందు ఎవరూ సర్దకుండా వదిలేసిన చెప్పుల గుంపు కనపడ్డాక నాలోని సంశయాత్మ నిరాయుధమైపోయింది. నమ్మక తప్పలేదు. నగరంలోని శీతల యంత్ర విద్యలో అనుమానాన్ని ఒక తపస్సుగా ఆచరించిన మహామనీషి అస్తమించాడు.

తెలియనివారి కోసం చెబుతాను. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తూ జీవితమంతా గడిపిన మనిషి ఆయన. జేబులో టార్చి, చెవి మీద నల్ల మార్కర్, ఎదుటివాడు ఏం చెప్పినా ముందు ఒకసారి తల అడ్డంగా ఊపడం, ఇవే ఆయన ఆనవాళ్లు. అశోక్‌నగర్ హాస్టళ్ల డాబాల మీద హీట్ పంపులు వెలియడం మొదలయ్యేసరికి ఆయనకు అరవై దాటాయి. గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే యంత్రాలవి. ఏసీని తిప్పి పెట్టినట్టే కదా, ఇందులో నేర్చుకునేదేముందని మేమంతా తేలిగ్గా తీసుకున్నాం. ఆయన మాత్రం కంపెనీ వాళ్లిచ్చిన పుస్తకాన్ని భూతద్దం పెట్టి అక్షరమక్షరం చదివారు. ఎందుకింత కష్టమని అడిగితే, “నాకు ఏసీ వస్తదన్నదే నాకు అడ్డం పడుతున్నది నర్సింగ్. ముందుగాల అది మర్వాలె,” అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. దాని కథే ఇది.

ఆయన అనుమానం యంత్రంతో మొదలయ్యేది కాదు, పనిముట్టుతో మొదలయ్యేది. ఏ ఇంటికి పోయినా ముందు గ్లాసు, ఐసు ముక్కలు అడిగేవారు. పొద్దున పదింటికి ఇదేం అలవాటని ఇల్లాళ్లు నొసలు చిట్లించేవారు. “తాగనీకి కాదమ్మా, నా థర్మామీటర్ అబద్ధం చెప్తున్నదేమో చూస్త,” అని దాన్ని ఐసు నీళ్లలో ముంచేవారు. సున్నా చూపితేనే పని మొదలు. ఒకసారి ఆసుపత్రిలో ఆయన బీపీ చూడబోయిన డాక్టరును, “ముందు మీది చూసుకోండి సాబ్, మిషన్ మంచిగున్నదో లేదో,” అన్నారు. చూసుకుంటే ఆ డాక్టరుదే ఎక్కువగా ఉంది. పాపం, ఆయన ఆ రోజు నుంచే మాత్ర మొదలుపెట్టాడు.

మరొక సంఘటన. ఇద్దరం సిటీ బస్సులో పోతున్నాం. అశోక్‌నగర్ చౌరస్తాలో ఒక ఏసీ మోత చెవిన పడి, బస్సు ఆగీ ఆగకముందే ఉస్తాద్ దిగిపోయారు. పరిగెత్తుకుంటూ వెంటపడ్డాను. మూడో అంతస్తుకు పోయి, ముక్కూ మొహం తెలియనివాళ్ల తలుపు కొట్టి, మీ కంప్రెసర్ ఇంకో నాలుగు రోజులకు ఆగిపోతుందని చెప్పి వచ్చారు. నాలుగో రోజు ఆగింది. ఆ ఇంటాయన వచ్చి, ఏదో మంత్రం పెట్టి ఆపింది మీరేనని తగువు పెట్టుకున్నాడు. ఉస్తాద్‌కు కోపం రాలేదు. “మంచిగ అనుమానపడ్డడు. మెకానిక్ కావాల్సినోడు,” అని చాయ్ తెప్పించారు.

మా వృత్తిలో అతి సులువైన అబద్ధం ఒకటుంది: గ్యాస్ అయిపోయింది. యంత్రం చల్లబడకపోయినా గ్యాసే, వేడెక్కకపోయినా గ్యాసే. ఈ మాట వింటే ఆయన శివమెత్తేవారు. “పెట్రోలా అది, కాలిపోనీకి? బయటికి పోయిందంటవా, ఏడికెళ్లి పోయిందో సూపెట్టు.” కారిన చోటు కనుక్కోకుండా, తూకం వేయకుండా గ్యాస్ పోసినవాడు ఆయన దుకాణం మెట్టు ఎక్కకూడదు. అంతేకాదు, ఏ యంత్రాన్ని ముట్టుకున్నా దాని రేకు మూత లోపల మార్కర్‌తో రాయాలి: ఎంత గ్యాస్, ఏ కాలం, చేసినవాడెవడు. బిల్లు పోతుంది, మనిషి పోతాడు, మూత ఉంటుందనేవారు.

అశోక్‌నగర్‌లో సుగుణమ్మ గారి ఆడపిల్లల హాస్టల్ ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలుంటారక్కడ. కొన్నేళ్ల కిందట ఆ డాబా మీది హీట్ పంపు సంక్రాంతి వెళ్లిన వారం నుంచీ నీళ్లు సరిగా కాచడం లేదని ఆమె పిలిస్తే, నేనొక్కడినే పోయాను. పొద్దున్నే, ఒళ్లు వణికే చలి. గేజి ముల్లు కిందికి ఉంది. ఏసీ లెక్కన అది చాలా తక్కువ. గ్యాస్ తక్కువైందనుకున్నాను. తూకం లేదు, లీకు వెతకడం లేదు, అందాజగా పోసేశాను. కాయిల్ మీది దుమ్ము కూడా కడిగాను. నీళ్లు వేడెక్కాయి. ఉస్తాద్ నియమం తప్పాను కనక మూత లోపల ఏమీ రాయలేదు. చలిలో గాలిలో వేడి తక్కువ, ముల్లు దానంతటదే కిందికి ఉంటుందన్న జ్ఞానం నాకప్పటికి లేదు. అసలు రోగం, గాలి తగలనివ్వని ఆ దుమ్మేనని కూడా తెలియలేదు.

శివరాత్రి దాటింది. ఎండ ముదిరింది. ఎక్కువైన గ్యాస్ ఒత్తిడికి యంత్రం రోజూ మధ్యాహ్నం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోసాగింది. సుగుణమ్మ గారి అనుమానం స్వప్న అనే జగిత్యాల అమ్మాయి మీద పడింది. హీట్ పంపు వెనక నుంచి చల్లగాలి వస్తుంది. ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం డాబా మీద ఆ గాలికి కూర్చుని చదువుకునేది. మీటలు నొక్కి చెడగొట్టింది ఆమేనని, ఆదివారంలోగా గది ఖాళీ చేయాలని సుగుణమ్మ గారు తీర్మానించారు. పరీక్ష ఇంకా ఇరవై రోజులుంది. నాకు ఈ సంగతి తెలుసు. నోరు తెరవలేదు.

నన్ను వెంటబెట్టుకుని ఉస్తాద్ స్వయంగా వచ్చారు. యంత్రంలోని గ్యాసంతా ఖాళీ సిలిండర్లోకి లాగి తూచారు. యంత్రానికున్న కంపెనీ పలక మీద రాసి ఉన్నది ఎనిమిది వందల గ్రాములు. వచ్చింది కిలో దాటింది. ఆయన సుగుణమ్మ గారి వైపు తిరిగారు.

“ఈ పిల్ల గ్యాస్ చున్నీల కట్టుకొని తెచ్చిందా అమ్మా?”

“మరెవరు పోసిండ్రు?” అని ఆమె నా వైపు చూశారు.

“నర్సింగ్, నువ్వు పోసినవా?”

“లేదు ఉస్తాద్. కాయిల్ కడిగిన, అంతే.”

ఆయన వంటింట్లోంచి విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ తెప్పించి త్రాసు మీద పెట్టారు. ముల్లు కిలో దగ్గరే ఆగింది. దాన్ని చూశారు, నన్ను చూశారు. “తూకమైతే మంచిగనే ఉన్నది,” అన్నారు. నా జన్మలో అంత సుదీర్ఘమైన వాక్యం వినలేదు.

స్వప్న గది ఖాళీ చేయలేదు. సరైన తూకంతో గ్యాస్ నింపి, మూత లోపల ఏదో రాసి, ఎప్పుడూ నాతో బిగింపించే నాలుగు స్క్రూలూ ఉస్తాద్ ఆ రోజు తనే బిగించారు. అది చూశాక నాకు మనశ్శాంతి లేదు. ఆయనకు తెలుసా? తెలిసీ ఊరుకున్నారా? ఏటా చలి మొదలు కాగానే, “గేజి చూసి మోసపోకు,” అని నలుగురిలో అనేవారు. అది పాఠమా, నాకు చురకా? ఆ హాస్టల్ నుంచి ఫోన్ వస్తే వేరేవాళ్లను పంపేవాణ్ణి. ఆయన ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడమే నన్ను మరింత అనుమానంలో పడేసింది.

దహనం అయిన మర్నాడు అశోక్‌నగర్ పోయాను. సుగుణమ్మ గారు కళ్లు తుడుచుకుని డాబా తాళం ఇచ్చారు. మూత విప్పాను. ఆ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఇలా ఉంది: “గ్యాస్ ఎక్కువ పోసింది నేనే. తప్పు నాది. యాదగిరి.” శిష్యుడి అపరాధాన్ని తన శిరస్సున ధరించిన ఆ కరుణామూర్తికి సాష్టాంగ ప్రణామం. అటువంటి గురువు మనకిక దొరకడు.

ఇక్కడితో ముగిస్తే, దీన్ని చదివే సంస్మరణ సభలో అందరి కళ్లూ చెమర్చేవి. కానీ మొదట్లో స్వామి మీద ప్రమాణం చేశాను. మీరు అనుమానించిన బస్సు కథ నిజం. డాక్టరు బీపీ నిజం. అబద్ధం పై పేరాలోని ఆ రాత ఒక్కటే. ఉస్తాద్ ఏ మూత మీదా అసత్యం రాసే మనిషి కాదు, నాకోసమైనా సరే. ఆ మూత లోపల నిజంగా ఉన్నది ఇది:

“ఉండవలసింది ఎనిమిది వందలు. ఎక్కువ ఉండె, తీసిన. ఎండాకాలం. తీసినవాడు యాదగిరి. పోసినవాడు”

ఆ తర్వాత ఖాళీ. ఒక పేరు పట్టేంత ఖాళీ. ఇన్నేళ్లూ అది నాకోసం అలాగే ఉంది. నా జేబులోని మార్కర్ తీసి అక్కడ నర్సింగ్ అని రాశాను. కిందికి దిగి సుగుణమ్మ గారికి చెప్పాను. ఆమె పాత రిజిస్టరు తీసి వెతికారు. చివరికి స్వప్న ఫోన్ నంబరు రాసి ఇచ్చారు. ఆ ఫోన్ కూడా చేశాను.

చేశానంటే మీరు నమ్మనక్కర్లేదు. ఉస్తాద్ శిష్యులైతే నమ్మకూడదు కూడా. డాబా తాళం సుగుణమ్మ గారి దగ్గరే ఉంది, మూతకు నాలుగే స్క్రూలు. పోయి విప్పి చూసుకోండి.