మంజీర కాని వరద

మూడు రోజులుగా ముసురు. తొమ్మిదో తరగతికి సోషల్ పాఠం చెబుతుండగా బడి బయట బైకుల చప్పుడు మొదలైంది. రెంజల్ వైపున్న మా బడికి, మంజీర ఒడ్డుకు మధ్య చెరుకు తోటలే.

తడిసి ముద్దయిన ఒక తండ్రి నేరుగా క్లాసులోకి వచ్చి ఫోన్ నా ముందు పెట్టాడు.

“పైన కట్ట తెగిందంట మేడం. సూడుండ్రి. నా బిడ్డను పంపుండ్రి, బోధన్ తీస్కపోత.”

వీడియోలో ఎర్రటి నీళ్లు ఒక వంతెనను ఈడ్చుకుపోతున్నాయి. పైన ‘మంజీర’ అని రాసి ఉంది. చూసిన ప్రతి వీడియోనూ నమ్మకండి, ఎక్కడిది, ఎప్పటిది అని అడగండి అని వారం కిందటే ఈ పిల్లలకు చెప్పాను. ఇప్పుడు నాకే ఒక్క ప్రశ్నా తోచలేదు. అందరినీ పంపేద్దామనుకున్నాను. కానీ బోధన్ దారిలో వాగు అప్పటికే కల్వర్టు మీద నుంచి పొర్లుతోంది.

ఆయన కూతురు బ్యాగు తీసుకోలేదు. ఫోన్ అందుకుని వీడియో ఆపి చూసింది.

“బాపూ, గీ ఒడ్డు పొంటి అన్నీ కొబ్బరిచెట్లే. మన మంజీర కాడ గిన్ని ఏడున్నయి?”

“నీళ్లు మీదికొస్తుంటే చెట్లు సూస్కుంట కూసుంటవా?” అని ఆయన కసిరాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. “ఇది మన నది కాదన్నా,” అన్నాను. ఆ పిల్ల నన్నూ వదల్లేదు.

“వీడియో అబద్ధమైతే, నీళ్లు వస్తలేవని కాదు గదా మేడం?”

నా పాఠంలో ఆ మాట లేదు. తహసీల్ ఆఫీసుకు ఫోన్ కలవలేదు. చివరికి, ఒడ్డున మోటార్లు పైకి తీస్తున్న ఆ పిల్ల పెదనాన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాం. గాలి హోరులో ఆయన అరిచాడు.

“నీళ్లు రేవు మెట్ల కాడికొచ్చినయి. రోడ్డుకు శానా కిందున్నయి. మీరైతే వాగు దాటకుండ్రి!”

పిల్లల్ని పై అంతస్తుకు ఎక్కించాను. “ఏమన్నయితే మీదే బాధ్యత మేడం,” అని ఆ తండ్రి బడి మెట్ల మీద కూర్చున్నాడు. అరగంటకోసారి ఆ పిల్ల పెదనాన్నకు ఫోన్ చేసి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో మాకు చెప్పింది.

మధ్యాహ్నానికి నది చెరుకులోకి వచ్చింది. రోడ్డెక్కలేదు. సాయంత్రం వాగు తగ్గాక పిల్లలు ఇళ్లకు వెళ్లారు. ఆ తండ్రి కూతుర్ని బైకు ఎక్కించుకుని వెళ్లాడు. బాధ్యత మీదే అన్నందుకు ఆయన మీద నాకు కోపం రాలేదు. నీళ్లు రోడ్డెక్కి ఉంటే ఆయనకు ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.